లక్ష వ్యూస్, హాల్లో పదకొండు మంది: వరంగల్ ర్యాప్ ప్రాజెక్టు డైరీ

మా బాబాయి కొడుకు తెలుగులో ర్యాప్ చేస్తాడు. రాసేది, పాడేది వాడు. రికార్డింగ్, ఎడిటింగ్, లెక్కలు నావి. ఊరు వరంగల్, అంటే హన్మకొండ, కాజీపేట కలిపి ఇక్కడివాళ్లు ట్రైసిటీ అని పిలుచుకునేది. పెట్టుకున్న లక్ష్యం ఒక్కటే: వంద రూపాయల టికెట్ పెట్టి ఎనభై మందిని ఒక హాల్లోకి రప్పించడం, వాళ్లలో ఎక్కువమంది చుట్టాలూ దోస్తులూ కాకుండా చూసుకోవడం. కరీంనగర్‌లోనో గుంటూరులోనో ఇదే పని మొదలుపెట్టేవాళ్లు మా రిజిస్టర్ చూసి తమ డబ్బులు మిగుల్చుకుంటారని ఇది రాస్తున్నా.

రిజిస్టర్‌లో మూడు గళ్లున్నాయి: మొత్తం ఖర్చు, ట్రైసిటీలో మా దగ్గరున్న ఫోన్ నంబర్లు, కార్యక్రమానికి కాళ్లతో నడిచి వచ్చినవాళ్లు. ఫాలోవర్ల గడి కూడా మొదట్లో ఉండేది. మొదటి దశ అయ్యాక కొట్టేశాం.

దశ 1: లక్ష దాటిన రీల్

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దగ్గరికి వచ్చాయి. అప్పటి నుంచి చిన్న ఊళ్లలో ర్యాప్ చేసే ప్రతివాడి దారీ ఒకటే: పదిహేను సెకన్ల హుక్ (చెవికి పట్టేసే పల్లవి ముక్క), చొక్కా మారిపోయే ట్రాన్సిషన్, సగం హిందీ, సగం ఇంగ్లిష్. మా మొదటి పాటా అంతే. ఆ పాట రీల్ ఒకటి లక్ష వ్యూస్ దాటింది. దాన్ని నమ్ముకుని హన్మకొండలో ఒక కేఫ్ పైగది తీసుకుని ఆదివారం షో పెట్టాం. పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు మావాళ్లే.

ప్రొఫెషనల్ అకౌంట్ పెట్టుకుంటే ఇన్‌సైట్స్‌లో టాప్ సిటీస్ అని ఒక పట్టీ కనిపిస్తుంది. దాన్ని షోకి ముందే తెరిచి చూడాలి. మా పట్టీలో మొదటి అయిదు ఊళ్లలో వరంగల్ లేదు. హైదరాబాద్ మూడో స్థానంలో ఉంది, మిగతావన్నీ ఉత్తరాది నగరాలు.

నష్టం అక్కడితో ఆగలేదు. ఆ రీల్ చూసి ఫాలో అయినవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. తర్వాత పెట్టిన తెలుగు రీల్ ముందుగా వాళ్లకే వెళ్లింది. మొదటి మూడు సెకన్లకే చూసేవాళ్ల గ్రాఫ్ గోడ కూలినట్టు పడిపోయింది. ఆ వరుసలో పెట్టిన నాలుగు రీల్స్‌దీ అదే గతి.

ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ర్యాంకింగ్ గురించి ముఖ్యంగా మూడు విషయాలు చెప్పాడు: ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. మనల్ని ఫాలో కానివాళ్లకు చేరాలంటే పంపడమే ఎక్కువ పనిచేస్తుందట. మాకు పనికొచ్చింది ఈ చివరి మాటే. మనిషి ఒక వీడియోను ఎవరికి పంపుతాడు? అందులో తన బస్టాపు కనబడితే, అదే బస్టాపులో తనతో నిలబడేవాడికి పంపుతాడు.

ఖర్చు: బీట్ (పాట వెనక మోగే సంగీతం) లీజు 2,500, మిక్సింగ్ 3,000, డిస్ట్రిబ్యూషన్ (పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే సర్వీసు) ఏడాది చందా 1,500, కేఫ్ 1,500, ఫ్లెక్సీ 300.
ఇప్పటిదాకా: ₹8,800. నంబర్లు: 0. వచ్చినవాళ్లు: 11.

దశ 2: పాటను ఊళ్లోకి దించడం

మొదటి పాట తిరగరాశాం అనడం కంటే పక్కన పడేశాం అనడం నిజం. అందులో ‘స్ట్రీట్స్ నా రాజ్యం, నేనే ఇక్కడి కింగు’ అని ఒక లైనుండేది. ఏ స్ట్రీట్? అట్లాంటాలో పాడినా అదే, అమలాపురంలో పాడినా అదే. ముంబై ర్యాపర్లలో డివైన్ అంధేరీ జేబీ నగర్‌ను, నేజీ కుర్లాను పట్టుకుని పైకొచ్చారు. మావాడు హన్మకొండ చౌరస్తాను పట్టుకోవాలి కదా. కొత్త పాటలో ఆ చోట పడ్డ లైన్లు ఇవి:

హన్మకొండ చౌరస్తల నిలబడ్డ పరేషాన్‌ల
కాజీపేట బండెక్కితే కాలు పెట్ట జాగ లేదు జెనరల్‌ల

రెండో లైను పొడుగైంది, ఊపిరి చాలదు. ‘కాజీపేట బండిల చూస్తే జాగ లేదు జెనరల్‌ల’ అని కుదించాక బీట్ మీద కూర్చుంది.

ర్యాప్ రాసేవాళ్లకు ఇక్కడ ఒక మాట. తెలుగులో క్రియలన్నీ దాదాపు ఒకేలా ముగుస్తాయి. అందుకే లైను చివర వస్తా, చూస్తా, పోతా అని ప్రాస కలపడం మరీ తేలిక, వినేవాడికి మూడో లైనుకే విసుగొస్తుంది. మన పద్యాల్లో ప్రాస లైను మొదట్లో, రెండో అక్షరం మీద ఉంటుంది. మావాడు ఒక చరణం అలా రాసి చూశాడు. అదే చరణాన్ని రెండు రకాలుగా రికార్డు చేసి, పాట గురించి ఏమీ తెలియని కాలేజీ పిల్లలకు ఫోన్‌లో వినిపించాం. మర్నాడు అడిగితే వాళ్ల నోట మిగిలింది రెండో అక్షరం ప్రాస ఉన్న చరణమే. ఇది పెద్ద పరిశోధనేం కాదు, అయినా ఆ తర్వాత మావాడు వెనక్కి చూడలేదు.

ఇక బీట్. మొదటి పాటకు ఆన్‌లైన్‌లో లీజుకు తీసుకున్నాం. లీజు బీట్‌ను ఒకేసారి ఎంతమందికైనా అమ్ముతారు. మాతో పాటు అదే బీట్ కొన్నవాడెవడో తన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే కాపీ పాటలను పట్టే వ్యవస్థలో, నమోదు చేశాడు. మా వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. లీజు కాగితం పంపి డిస్ప్యూట్ వేస్తే క్లెయిమ్ పోయింది కానీ, పాటకు ఊపు ఉండాల్సిన రోజులన్నీ దాంట్లోనే గడిచిపోయాయి. రెండోసారి వరంగల్‌లోనే బీట్లు చేసే కుర్రాడి దగ్గర పూర్తి హక్కులతో కొన్నాం. ధర రెండింతల పైమాటే. దానికి బదులుగా స్టెమ్స్ చేతికొచ్చాయి, అంటే డ్రమ్స్, బేస్, మెలొడీ వేటికవి విడివిడి ఫైళ్లు. అవి లేకపోతే ఐదో దశ, ఆరో దశ రెండూ నడిచేవి కావు.

మిక్స్‌లో మార్చింది ఒక్కటే. 808 బేస్, అంటే హిప్‌హాప్‌లో వాడే బాగా లోతైన బేస్, హెడ్‌ఫోన్స్‌లో గుండె మీద కొడుతుంది, పదివేల రూపాయల ఫోన్ స్పీకర్‌లో అసలు వినపడదు. ఆ బుల్లి స్పీకర్లలో 200, 300 హెర్ట్జ్ కిందున్నది దాదాపు బయటికి రాదు. బేస్ మీద కొంచెం శాచురేషన్ (కావాలని శబ్దాన్ని కాస్త చీల్చడం) వేస్తే పై హార్మోనిక్స్, అంటే అంతకంటే హెచ్చు స్థాయి స్వరాలు, పుట్టి, బేస్ ఉన్నట్టు చెవికి తోస్తుంది. మొత్తం లౌడ్‌నెస్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (సగటు శబ్దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచాం. స్పాటిఫై, యూట్యూబ్ ఎలాగూ ఆ చుట్టుపక్కలకే తగ్గిస్తాయి కాబట్టి అంతకంటే గట్టిగా పిండినా లాభం లేదు.

ఖర్చు: బీట్ 6,000, మిక్సింగ్ 2,500.
ఇప్పటిదాకా: ₹17,300.

దశ 3: రీల్స్, ఈసారి ఊరి కోసం

పనిచేసిన వరుస ఇది:

1. పాట ముందు డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఇన్‌స్టాగ్రామ్ మ్యూజిక్ లైబ్రరీలోకి రావాలి. రీల్ ఆ తర్వాతే. తొందరపడి ముందే పెడితే అది ‘ఒరిజినల్ ఆడియో’గా పడుతుంది. జనం దాని మీద వీడియోలు చేస్తే ఆ లెక్క మన పాట ఖాతాలోకి రాదు.
2. స్పాటిఫైలో రిలీజుకు కనీసం 7 రోజుల ముందే పాటను పిచ్ చేయాలి, అంటే వాళ్ల ప్లేలిస్టుల ఎడిటర్లకు పంపాలి. అప్పుడే ఫాలోవర్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులోకి కచ్చితంగా వస్తుంది.
3. మొదటి సెకన్లో మనిషి మొహం కాదు, చోటు కనబడాలి. మేం కాజీపేట స్టేషన్ బయట, పబ్లిక్ గార్డెన్ దగ్గర, నయీంనగర్ రోడ్డు మీద తీశాం.
4. లొకేషన్ ట్యాగ్ ‘ఇండియా’ అని కాదు, ‘హన్మకొండ’ అని పెట్టాలి.
5. ఊరి మీమ్ పేజీలతో కొలాబ్ పోస్టు. డబ్బులిచ్చి షేర్ చేయించుకోవడం కంటే ఇదే నయం, ఒకే పోస్టు రెండు ప్రొఫైళ్లలోనూ ఉంటుంది.

సబ్‌టైటిల్స్ దగ్గర చాలాసేపు ఆగాం. తెలుగు లిపిలో పెట్టాలా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయాలా? ఒకే క్లిప్ రెండు రకాలుగా పెట్టి చూశాం. ఇంగ్లిష్ అక్షరాలది కొంచెం ఎక్కువసేపు చూశారు, తెలుగు లిపిది ఎక్కువమంది పంపారు. తెలుగు లిపినే ఉంచాం. అయితే మొదటి ఫాంట్ సన్నగా ఉంది. స్క్రీన్ పగిలిన పాత ఫోన్‌లో, ఎండలో పట్టుకుని చూస్తే ఒత్తులు కనబడలేదు. లావు ఫాంట్‌కు మారి, లైనుకు నాలుగు మాటలకు మించకుండా కట్ చేశాం. 1080 బై 1920 ఫ్రేమ్‌లో కింది పావు వంతు ఖాళీగా వదిలేయాలి. అక్కడ క్యాప్షన్, బటన్లు వచ్చి కూర్చుంటాయి.

యాడ్ కూడా ఒకసారి వేశాం. హన్మకొండ చుట్టూ 10 కిలోమీటర్లు అని గీసి ఆరు వందలు పెట్టాం. ప్రొఫైల్ చూసినవాళ్లు బాగానే ఉన్నారు, ఒక్కరూ మెసేజ్ చేయలేదు. మళ్లీ వేయలేదు.

వ్యూస్ మొదటి రీల్‌లో పదో వంతు కూడా రాలేదు. కానీ టాప్ సిటీస్‌లో వరంగల్ మొదటికి వచ్చింది. మావాడికి ఇది రుచించలేదు. “అన్నా, లక్ష నుంచి ఏడు వేలకు పడ్డం, నువ్వేమో మంచిగైందంటవ్” అని రెండు రోజులు మాట్లాడలేదు. వాడి మాటా కొట్టిపారేసేది కాదు. ఇంట్లో చూపించడానికి వాడి దగ్గరున్నది ఆ లక్ష ఒక్కటే.

ఖర్చు: ఫోన్ మౌంట్, చిన్న ఎల్ఈడీ లైట్ 1,200, యాడ్ 600.
ఇప్పటిదాకా: ₹19,100. నంబర్లు: 0.

దశ 4: స్టిక్కర్, క్యూఆర్, వాట్సాప్

ఫాలోవర్ ఇన్‌స్టాగ్రామ్ సొత్తు, ఫోన్ నంబర్ మనది. చాయ్ హోటళ్లు, జిరాక్స్ సెంటర్లు, జిమ్‌లు, సెలూన్లలో యజమానులను అడిగి క్యూఆర్ స్టిక్కర్లు అంటించాం.

మొదటి విడత రెండు వందల స్టిక్కర్లు వృథా. కారణాలు రెండు.

కోడ్ సైజు 3 సెంటీమీటర్లు. స్కాన్ చేసే దూరంలో పదో వంతు ఉండాలన్నది మోటు లెక్క, అంటే 3 సెంటీమీటర్ల కోడ్‌ను ఒక అడుగు దూరం నుంచే చదవగలం. చాయ్ హోటల్లో గోడకూ మనిషికీ మధ్య బెంచీ ఉంటుంది, బెంచీ మీద ఇంకో మనిషి ఉంటాడు.

రెండోది అసలు దెబ్బ. ఉచితంగా వచ్చే ‘డైనమిక్’ కోడ్ వాడాం. అంటే కోడ్ ముందు ఆ సైటుకు వెళ్తుంది, అది మన లింక్‌కు పంపుతుంది. ట్రయల్ గడువు తీరగానే ‘ప్లాన్ కొనండి’ అన్న పేజీ తెరుచుకోవడం మొదలైంది. స్టిక్కర్ గోడ మీద ఉంది, లోపల ప్రాణం లేదు.

రెండో విడతలో స్టాటిక్ కోడ్, నేరుగా వాట్సాప్ లింక్, 12 సెంటీమీటర్ల సైజు, మెరుపు లేని మ్యాట్ కాగితం. స్కాన్ చేయగానే ‘నేను ఫలానా ఏరియా’ అన్న మెసేజ్ సిద్ధంగా తెరుచుకుంటుంది, ఏరియా పేరు రాసి పంపడమే. నయీంనగర్ నుంచి ఎందరు, సుబేదారి నుంచి ఎందరు అన్నది అలా తెలిసింది.

తర్వాత బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెడితే మెసేజ్ సగం మందికి కూడా చేరలేదు. బ్రాడ్‌కాస్ట్ అందాలంటే వాళ్ల ఫోన్‌లో మన నంబర్ సేవ్ అయి ఉండాలి, పైగా ఒక లిస్టుకు 256 మందే. గ్రూపులో 1,024 మంది పడతారు కానీ, అందులో గుడ్ మార్నింగులు మొదలయ్యాయంటే మన పోస్టు మునిగిపోతుంది. చివరికి కుదిరిన పద్ధతి: మెసేజ్ చేసినవాళ్లకు మావాడు సొంత గొంతుతో, ఏరియా పేరు పెట్టి, నాలుగు లైన్ల వాయిస్ నోట్ పంపుతాడు. చివర్లో ‘నంబర్ సేవ్ చేసుకో, తర్వాతి పాట ముందు నీకే’ అంటాడు. ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం. ఓపిక ఉన్నంతవరకే నడిచే పద్ధతి ఇది, నిజమే. మరి నంబర్ సేవ్ చేసుకునేది దీనికే.

ఖర్చు: స్టిక్కర్లు 800, మళ్లీ 900.
ఇప్పటిదాకా: ₹20,800. నంబర్లు: 61.

దశ 5: ఖాళీ ప్లాటులో సైఫర్

సైఫర్ అంటే నలుగురైదుగురు ర్యాపర్లు గుండ్రంగా నిలబడి, ఒకే బీట్ మీద వంతులవారీగా పాడటం. భద్రకాళి బండ్ మీద పెట్టాలని మావాడి కోరిక. అనుమతుల తిరుగుడు చూసి, హంటర్ రోడ్డు పక్కన తెలిసినవాళ్ల ఖాళీ ప్లాటు తీసుకున్నాం. సొంత జాగా అయినా లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైకు పెట్టకూడదు. ఇళ్లున్న చోట పగలు పరిమితి 55 డెసిబెల్స్. మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా ఉంటుంది, ఊహించుకోండి. సాయంత్రం 5 నుంచి 7 అని పెట్టుకుని, స్పీకర్ మొహం ఇళ్లవైపు కాకుండా రోడ్డువైపు తిప్పాం.

మొదటి సైఫర్‌లో జనం ముప్పై మంది దాకా ఉన్నారు. సౌండ్ మాత్రం ఘోరం. పది మీటర్ల దూరం వెళ్లి వింటే ఢమఢమ వినిపిస్తోంది, మాట వినపడట్లేదు. వెనక నిలబడ్డవాళ్లు పావుగంటలో జారుకున్నారు. ర్యాప్‌లో మాట అర్థం కాకపోతే ఇక మిగిలేదేముంది?

రెండోసారికి మార్చినవి:

1. బీట్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 4 డెసిబెల్స్ తగ్గించాం. మాటలోని హల్లులు తెలిసేది ఆ మేరలోనే.
2. మైక్‌కు 100 హెర్ట్జ్ దగ్గర లో కట్, అంటే అంతకంటే కింది శబ్దాలను కోసేయడం. గాలి హోరు, చేతి రాపిడి పోయాయి.
3. స్టెమ్స్ ఉన్నాయి కాబట్టి 808 తీసేసి మామూలు బేస్ వేశాం. 12 అంగుళాల బ్యాటరీ స్పీకర్ ఆ లోతుకు ఎలాగూ దిగదు, దిగాలని చూసి బ్యాటరీ తాగేస్తుంది.
4. మైక్ తలను గుప్పిట్లో మూయకూడదని పాడేవాళ్లందరికీ ముందే చెప్పాం. చూడ్డానికి స్టైలే, కానీ ఫీడ్‌బ్యాక్ కూతకు సగం కారణం అదే.
5. వీడియో ఫోన్‌తోనే తీసినా, ఆడియో మిక్సర్ నుంచి వేరుగా రికార్డు చేసి, చప్పట్ల మీద కలిపాం.

రెండో సైఫర్ చివరిదాకా యాభై మందికి పైగా నిలబడ్డారు. ఆ వీడియోలో తమ మొహం ఉన్నవాళ్లు దాన్ని ఇంకొకరికి పంపకుండా ఉండలేదు. మా రీల్స్ అన్నింట్లో ఎక్కువ పంపకాలు దానికే.

ఖర్చు: స్పీకర్, మైకుల అద్దె 1,500 చొప్పున రెండుసార్లు, కేబుళ్లు 450.
ఇప్పటిదాకా: ₹24,250. నంబర్లు: 148.

దశ 6: బరాత్ డీజేలు

వరంగల్ జిల్లాలో పాట ఊరూరా తిరగాలంటే బరాత్‌లో మోగాలి. పెళ్లి ఊరేగింపు, వినాయకుడి నిమజ్జనం, బతుకమ్మ, వీటిలో ఏది మోగాలో తేల్చేది డీజే. అందుకని పెన్‌డ్రైవ్‌లో పాట వేసుకుని డీజేల దగ్గరికి వెళ్లాం. మొదటాయన పది సెకన్లు విని ఆపేశాడు.

“పాట మంచిగనే ఉన్నది తమ్మీ. గానీ మొదలుపెడ్తనే మాటలొచ్చె, నేను దేనిమీద కలపాలె? మీది నాలుగు మీద నడుస్తాంది, నాది తీన్మార్.”

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తీన్మార్ దరువు మూడు మూడుగా నడుస్తుంది. మా పాట నాలుగు నాలుగుగా నడిచే సాదా హిప్‌హాప్. వేగం ఎంత మార్చినా ఒకదాని మీద ఒకటి కూర్చోదు. రెండు వారాలు పట్టినా వేరే వర్షన్ చేశాం. మావాడు చరణాన్ని ట్రిప్లెట్ ఫ్లోలో, అంటే దరువుకు మూడేసి అక్షరాలు పడేలా మళ్లీ పాడాడు. స్టెమ్స్‌లోంచి డ్రమ్స్ తీసేసి, డప్పు కొట్టే ఆయన్ను కూర్చోబెట్టి వాయించి రికార్డు చేశాం. ఆయన డబ్బులు తీసుకోలేదు, పాటలో తమ వాడ పేరు చెప్పమన్నాడు. చెప్పాం.

డీజేలకు ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో ఉండాల్సినవి: మొదట ఎనిమిది బార్లు (ఆవర్తాలు) మాటల్లేని దరువు, తర్వాత వెంటనే కోరస్, 320 కేబీపీఎస్ ఎంపీ3, ఫైలు పేరులో పాట పేరు, పాడినవాడి పేరు, బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు). ‘ఫైనల్ మాస్టర్ 3 న్యూ’ అని పేరున్న ఫైలును పెళ్లి నడుమ ఎవడు వెతుకుతాడు?

పది పెన్‌డ్రైవ్‌లలో నాలుగు మోగాయని తెలిసింది. మిగతా ఆరింటిలో ఇప్పుడు వేరే పాటలు ఉండి ఉంటాయి.

ఖర్చు: పెన్‌డ్రైవ్‌లు 2,800.
ఇప్పటిదాకా: ₹27,050. నంబర్లు: 203.

దశ 7: టికెట్ షో

లాస్ ఏంజెలెస్‌లో నిప్సీ హసిల్ అనే ర్యాపర్ 2013లో తన మిక్స్‌టేప్‌ను, అంటే పాటల ఆల్బమ్‌ను, వెయ్యి కాపీలు వేసి, ఒక్కోటి 100 డాలర్లకు పెట్టాడు. ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరికేదాన్నే జనం వరుస కట్టి కొన్నారు. మా వంద రూపాయల టికెట్‌కు ధైర్యం అక్కడిదే. ఆన్‌లైన్ బుకింగ్ పెట్టలేదు. యూపీఐతో కట్టి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపితే పేరు రాసుకున్నాం, గేటు దగ్గర కాగితం టికెట్ ఇచ్చాం.

టికెట్లు 94 తెగాయి. గేటు దగ్గర ప్రతివాళ్లనీ ‘ఎట్లా తెలిసింది?’ అని ఒక్క ప్రశ్న అడిగి గీతలు పెట్టుకున్నాం. వాట్సాప్ 41, దోస్తు తీసుకొచ్చాడు 33, బరాత్‌లో విన్నాం 12, ఇన్‌స్టాగ్రామ్ 8.

ఖర్చు: హాలు 6,000, సౌండ్ 4,000, నీళ్లు, చాయ్ 700, టికెట్ల ప్రింటు 350.
ఇప్పటిదాకా: ₹38,100. టికెట్ల రాబడి: ₹9,400. చేతి నుంచి పోయింది: ₹28,700. నంబర్లు: 271. స్ట్రీమింగ్ డబ్బులు డిస్ట్రిబ్యూటర్ పెట్టిన కనీస మొత్తానికి ఇంకా చేరలేదు, అందుకే లెక్కలో వేయలేదు.

టికెట్ల రాబడి హాలూ సౌండూ ఖర్చుకే సరిపోలేదు. అదే హాలు ఇంకో నలభై మందిని పడుతుంది, నష్టం పూడేది అక్కడే. ఆ నలభై మంది ఎవరో మెసేజ్‌లు చదివితే తెలిసింది. మా లిస్టులో అమ్మాయిల నంబర్లు డెబ్భై దాకా ఉన్నాయి, షోకి వచ్చింది తొమ్మిది మంది. మిగతావాళ్లలో చాలామంది పంపిన జవాబు ఒకటే: షో 6:30కి మొదలు, హాస్టల్ గేటు 7:30కి మూస్తారు. వచ్చే షో ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు పెట్టాం. పగటి పూటకు హాలు అద్దె కూడా 4,500కే ఒప్పుకున్నారు. ఏసీ వేస్తే ఎనిమిది వందలు ఎక్కువట, దాని మీద ఇంకా బేరం నడుస్తోంది.